లాభం తర్వాత సున్నా లేదు

టీచరమ్మ పోయిందన్న కబురు నాకు కాలవ గట్టున తెలిసింది. గేదెను కడుగుతున్నాను. నరసరావుపేట బస్సు దిగి వస్తున్న కుర్రాడొకడు గట్టు మీద ఆగి, "పెద్దయ్యా, మన టీచరమ్మ తెల్లారుజామున పోయిందంట. సాయంత్రానికి ఊళ్ళోకి తెస్తారంట" అన్నాడు. గేదె మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాను. ఎంతసేపు పోశానో ఏమో, అది విసుగెత్తి తనంతట తనే ఒడ్డెక్కింది.

నాకు మాటలు తక్కువ. చిన్నప్పుడు ఊరి బడిలో నేర్చిన నాలుగక్షరాలు తప్ప చదువు లేదు. అయినా ఆమె గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించింది. నోటితో చెప్పమంటే నావల్ల కాదు.

మీలో చానామంది ఆమెను ఎరగరు. ఎరిగినవాళ్ళందరికీ ఆమె ఉత్త టీచరమ్మే. నకరికల్లుకి నడిచిపోయే దూరంలో ఉంది మా ఊరు. అయిదో తరగతి దాకా ఉన్న మా బడికి ఆమె గురజాల వైపు నుంచి వచ్చింది. మా ఇంటి పక్క గది అద్దెకు తీసుకుంది. పైవాళ్ళు ఆమెకు బదిలీ వెయ్యటం మర్చిపోయారో, ఆమే వద్దందో గానీ రిటైరయ్యేదాకా ఇక్కడే ఉంది. రిటైరయినాక కూడా ఆ గది వదల్లేదు. తెల్లచీరె, నల్లగొడుగు, జుట్టు ముడిలో గుచ్చిన సుద్దముక్క. ఆదివారం చర్చికి పోయేటప్పుడు కూడా ఆ సుద్దముక్క తీసేది కాదు.

"ఏమ్మా, దేవుడికి కూడా పాఠం చెబుతారా?" అని మా వదిన అడిగితే, "ఆయన వినడమ్మా, నేనే వింటా. ఇది ఉత్త అలవాటు" అని నవ్వేది.

ఇక నా సంగతి. కళ్ళంలో వడ్లు కొలవటం నా పని. రైతూ, కౌలుకి చేసినవాడూ, కూలీలూ చుట్టూ నిలబడితే, రాశి ముందు కూర్చుని కుంచంతో ఎత్తిపోస్తూ లెక్క పైకి చెప్పేవాణ్ణి. మనుషుల్లో నోరు తెరవని నేను కళ్ళంలో మాత్రం గొంతెత్తేవాణ్ణి. ఆ లెక్కకి కొన్ని పద్ధతులున్నాయి. మొదటి కుంచాన్ని ఒకటి అనం, 'లాభం' అంటాం. ఏడు అనం. ఏడు అంటే ఏడవమని చెప్పినట్టుంటది. అందుకని 'ఆరున్నొకటి' అంటాం. ఒక కుంచం పోసి ఇంకో కుంచం నింపేలోగా లెక్క తప్పకుండా ఆ అంకెనే పాడుతూ ఉంటాం. 'నాలుగూ నాలుగూ నాలుగూ' అని. మధ్యలో వడ్లు ఒలికినా, ఎద్దు అడ్డమొచ్చినా, ఎవడన్నా పిలిచినా, అంకె మాత్రం నోట్లో నుంచి జారనివ్వం.

టీచరమ్మ పిల్లలను వెంటబెట్టుకుని కళ్ళానికి వచ్చేది. "వినండ్రా, అంకెలు ఎట్లా పాడతాయో" అని వాళ్ళను గట్టు మీద కూర్చోబెట్టేది. మొదటిసారి ఆరున్నొకటి విని పకపకా నవ్వింది.

"ఏంటన్నా, మీ కళ్ళంలో ఏడుకి చోటు లేదా?"

నేను తలొంచుకున్నాను. పక్కనున్న కౌలుదారు అందుకున్నాడు. "ఏడిస్తే పంట నిలవదమ్మా."

"సరే, కళ్ళంలో మీ మాట. బడిలో మాత్రం ఏడు ఏడే" అంది పిల్లల వైపు తిరిగి. వాళ్ళందరూ ఒక్కసారిగా "ఏడూ!" అని అరిచారు. కౌలుదారు చెవులు మూసుకున్నాడు.

శ్రీహరికోట నుంచి మనవాళ్ళ రాకెట్టు పైకి లేచిన సంవత్సరం అది. అంతకు ముందు పంపింది సముద్రంలో పడిపోయింది. టీచరమ్మ దగ్గర గుడ్డసంచిలో పెట్టుకు తిరిగే చిన్న రేడియో ఉండేది. మా అరుగు మీద పెట్టి వార్తలు వినిపించేది. అందులో 'కౌంట్‌డౌన్' అన్న మాట వచ్చింది. అదేందని మా అన్న అడిగాడు. మా అన్న ఇంటికి పెద్ద. ఆయన కూర్చున్న చోట నేను నిలబడతాను, ఆయన మాట్లాడుతుంటే వింటాను. చిన్నప్పటి నుంచీ అంతే.

"రాకెట్టు వదిలే ముందు వెనక్కి లెక్కపెడతారండీ. పది, తొమ్మిది, ఎనిమిది... అట్లా. సున్నా అనగానే నిప్పంటుకుని పైకి లేస్తది" అంది.

"వెనక్కి ఎందుకు? ముందుకి లెక్కపెడితే లేవదా?" అన్నాడు అన్న.

ఆమెను ఎవరేమడిగినా వెంటనే చెప్పదు, ముడిలో సుద్దముక్క తడుముకుంటుంది. "ముందుకి లెక్కపెడితే అంతెక్కడండీ? పది అయితే పదకొండు, పదకొండయితే పన్నెండు. పోతానే ఉంటాం, పని చెయ్యం. వెనక్కి లెక్కపెడితే తప్పించుకోను దారి ఉండదు. చివరికొచ్చాక చెయ్యాల్సిందే."

మళ్ళీ తనే అంది. "మధ్యలో ఏదన్నా తేడా కనబడితే లెక్క అక్కడే ఆపి నిలబెడతారంట. సరిచేసుకుని మళ్ళీ అక్కణ్ణుంచే మొదలుపెడతారంట."

"మేమూ అంతేనమ్మా. నాలుగూ నాలుగూ నాలుగూ అని..." అన్నాను.

నేను మాట్లాడానని అందరూ నా వంక చూశారు. ఆమె మొహం వెలిగిపోయింది. "అదీ! అన్న దగ్గరా శ్రీహరికోట ఉందిగా!" అంది.

ఆ మాట ఊళ్ళో నిలబడిపోయింది. కొన్నాళ్ళు నన్ను చూసినవాడల్లా "ఏం శ్రీహరికోటా, బువ్వ తిన్నావా?" అనేవాడు.

జెండా పండగకి పిల్లల చేత రాకెట్టు ఎగరేయించాలని ఆమెకు బుద్ధి పుట్టింది. తాటాకు చాప గుండ్రంగా చుట్టి, పైన కిరసనాయిలు గరాటు బోర్లించి, కింద ఎర్రకాగితాలు అతికించారు. అవి మంటలన్నమాట. బడి ముందు పొడుగాటి వెదురు గడ పాతి, దాని కొసకి మంచినీళ్ళ బావి గిలక కట్టారు. గిలక మీదుగా బావి చేంతాడు. ఒక కొస రాకెట్టుకి, ఇంకో కొస నలుగురు మగపిల్లల చేతుల్లో. సున్నా అనగానే లాగాలి. ఆ పూట ఊళ్ళో ఆడవాళ్ళు నీళ్ళు ఎట్లా తోడుకున్నారో నాకు తెలవదు. తిట్లు మాత్రం విన్నాను.

లెక్క ఎవరు చెప్పాలి? ఆమె తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"ఊరందరికీ వినబడే గొంతు నీ ఒక్కడికే ఉందన్నా."

"అది వడ్ల ముందమ్మా. మనుషుల ముందు రాదు."

"ఎదురుగా వడ్లున్నాయనుకో."

కాదనటానికి కూడా మాటలు కావాలి. అవి నా దగ్గర లేవు. అందుకని ఒప్పుకున్నట్టయింది.

జెండా ఎగరేశారు. సర్పంచి ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాడు. నేను చేతులు కట్టుకుని గడ పక్కన నిలబడ్డాను. కళ్ళు మూసుకుని రాశిని తలుచుకున్నాను. పది అన్నాను. గొంతు వచ్చింది. తొమ్మిది. ఎనిమిది. "ఆరున్నొకటి!" అన్నాను. జనం గొల్లుమన్నారు. ఆరు, అయిదు, నాలుగు, మూడు, రెండు. "లాభం!"

అక్కడ ఆగిపోయాను.

సున్నా నోటికి రాలేదు. కళ్ళంలో ఎవడంటాడు ఆ మాట? పండిన రాశి ముందు కూర్చుని సున్నా అంటే రైతు కొట్టడా? నా నాలుకకి అలవాటయిన పని ఒకటే. తర్వాతి అంకె వచ్చేదాకా ఉన్న అంకెను పాడుతూ ఉండటం. "లాభమూ... లాభమూ... లాభమూ..." అంటూ నిలబడ్డాను. మగపిల్లలు తాడు పట్టుకుని నోళ్ళు తెరుచుకుని సున్నా కోసం చూస్తున్నారు.

"ఏందయ్యోయ్, లాభం మరీ ఎక్కువైందే!" అని అరిచాడు వెనక నుంచి ఎవడో.

"లేపండ్రా దాన్ని, ఆకలేస్తంది!" ఇంకోడు.

ఇక పారిపోదామనుకున్నాను. అప్పుడు టీచరమ్మ గొడుగు పైకెత్తి ఒక్క అరుపు అరిచింది. "లాగండ్రా! లాభం వచ్చాక మళ్ళీ సున్నా ఎందుకు?"

పిల్లలు లాగారు. రాకెట్టు ఊగుకుంటా, ఎర్రకాగితాలు రాలుస్తా గడ కొసకి పోయింది. గరాటు గిలకలో ఇరుక్కుని ఇక దిగలేదు. జనం ఈలలు. సర్పంచి కూడా లేచి చప్పట్లు కొట్టాడు.

తర్వాత ఆమె దగ్గరికి పోయి, "పాడు చేశానమ్మా" అన్నాను.

"పాడేంది అన్నా? సున్నా అంటే ఏమీ లేదని. లాభం అంటే మొదలైందని. శ్రీహరికోట వాళ్ళకంటే నువ్వే బాగా దించావు లెక్క" అంది. నన్ను ఓదార్చటానికి అన్న మాట అనుకున్నాను. కాదు. మర్నాటి నుంచి బడిలో పరుగు పందేలకి కూడా "మూడు, రెండు, లాభం!" అనే అనిపించింది. మా ఊళ్ళో ఇప్పటికీ పిల్లలు బావిలోకి దూకేటప్పుడు అట్లాగే అంటారు.

ఆ రోజుల్లోనే ఈ కౌంట్‌డౌన్ అన్న మాట టీ కొట్లోకి దిగింది. పేపరులో ఎవరి పదవో ఊడబోతుంటే 'కౌంట్‌డౌన్ మొదలు' అని రాసేవాళ్ళు. దాన్ని చూసి టీ కొట్టాయన మంచాన పడ్డ ముసలాళ్ళకి కూడా వాడటం మొదలుపెట్టాడు. టీచరమ్మకి ఇది నచ్చేది కాదు. "లేచేదానికి పెట్టిన లెక్కండీ అది, పడేదానికి కాదు. మాటని పాడు చెయ్యబాకండి" అనేది. ఎవరూ వినలేదు. నేను విన్నాను.

మరుసటి సంవత్సరం నా మనవరాలికి అయిదో తరగతి అయిపోయింది. మా పెద్దోడి కూతురు. చదువులో చురుకు. ఆరో తరగతికి నకరికల్లు పోవాలి. మా అన్న అరుగు మీద కూర్చుని తేల్చేశాడు. "ఆడపిల్లకి అయిదు చాలు. ఇంట్లో పనుంది, మిరపకోతలున్నాయి." మా పెద్దోడు పెదనాయన మాట దాటడు. కోడలు పొయ్యి దగ్గర ఏడ్చింది. పిల్ల మాత్రం ఏడవలేదు. పలక తుడిచి మేకుకి తగిలించింది. ఆ పలకను చూస్తే నాకు అన్నం దిగలేదు.

టీచరమ్మ వచ్చి మా అన్నను అడిగింది. "మీరు చెప్పారు, మేము విన్నామమ్మా. మా ఇంటి సంగతి మేము చూసుకుంటాం" అన్నాడు మర్యాదగానే. మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే మాట. అక్కడ బళ్ళో చేర్చుకునే గడువు అయిపోవస్తోంది. ఇక మా అన్నను వదిలేసి, కొష్టంలో గేదెలకి గడ్డి వేస్తున్న నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు చెప్పన్నా."

"మా అన్నకి నేను ఎదురు చెప్పలేనమ్మా. ఇంతవరకూ చెప్పలేదు."

"ఎదురు చెప్పొద్దు. లెక్కపెట్టు."

నాకు అర్థం కాలేదు.

"ఆయన ముందుకు పోయి నిలబడి లోపల వెనక్కి లెక్కపెట్టు. లాభం దగ్గర నోరు తెరువు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటే ముందుకి లెక్కపెట్టినట్టు. దానికి అంతుండదు." పోతా పోతా ఆగి వెనక్కి తిరిగింది. "నోట్లో ఉన్న మాట కుంచంలో ఉన్న వడ్ల లాంటిదన్నా. కింద పోస్తేనే లెక్కకొస్తది."

సాయంత్రం అన్న మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. పోయి ఎదురుగా నిలబడ్డాను. లోపలే మొదలుపెట్టాను గానీ, నా నోటికి లోపల లెక్కపెట్టే అలవాటు ఎక్కడుంది? ఎనిమిది దగ్గరకొచ్చేసరికి పైకే వచ్చేసింది.

"ఎనిమిదేందిరా?" అన్నాడు అన్న.

"ఆరున్నొకటి."

"ఏంది?"

"ఆరు."

వంటింట్లో నుంచి వదిన తొంగి చూసింది. "ఏమయ్యోయ్, మీ తమ్ముడు లేని వడ్లు కొలుస్తున్నాడు చూడు!"

"ఒరేయ్, ఎండ దెబ్బ తగిలిందా ఏంది? ఇట్రా, కూర్చో."

"నాలుగూ నాలుగూ నాలుగూ..." మూడు నోటికి రాలేదు. అక్కడ ఆపి నిలబెట్టాను. ఆమె చెప్పింది గదా, తేడా వస్తే ఆపమని. అంకె మాత్రం జారనివ్వలేదు. గాలి పీల్చుకుని మళ్ళీ అక్కణ్ణుంచే మొదలుపెట్టాను. మూడు. రెండు. లాభం.

"పిల్ల నకరికల్లు బడికి పోతది. నేను తీసుకుపోయి చేర్పిస్తా."

వదిన చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. అన్న నా మొహంలోకి చూశాడు. నేను కూడా ఆయన మొహంలోకి చూశాను. అప్పటిదాకా ఆయన కళ్ళు ఏ రంగో నాకు తెలవదు. చానాసేపు చూసి, ఆరిపోయిన చుట్టను కింద పెట్టాడు.

"ఇంత మాట చెప్పటానికి అంత కొలవాల్నారా?"

ఉన్నది పోసేశాను, ఇక కుంచం ఖాళీ.

"నడిపించుకుపోబాక, ఎండగా ఉంది. నా సైకిలు తీసుకుపో" అన్నాడు.

గోడ అవతల టీచరమ్మ గదిలో రేడియో టక్కున ఆగింది. అంతసేపూ వింటూనే ఉందన్నమాట. కాసేపటికి సన్నగా వినబడింది, "లాభం!" అని.

ఆ పిల్ల ఇప్పుడు గుంటూరులో నర్సు ట్రైనింగు అవుతోంది.

మొన్న టీచరమ్మ జబ్బు పడి నరసరావుపేట ఆసుపత్రిలో ఉంటే చూడబోయాను. చిక్కిపోయింది. ముడి లేదు, జుట్టు వదిలేశారు. సుద్దముక్క తలగడ పక్కన ఉంది. మా ఊరి నుంచి నాతోపాటు వచ్చిన టీ కొట్టాయన, వరండాలో నిలబడి ఇంకెవరితోనో "అయిపోయిందయ్యా, కౌంట్‌డౌన్ మొదలైంది" అన్నాడు. చిన్నగానే అన్నాడు. ఆమె చెవికి పోనే పోయింది. నాకు సిగ్గుతో తల వంగిపోయింది.

ఆమె నవ్వింది. "అననీలే అన్నా. ఈసారికి ఆయన ఆ మాట సరిగ్గానే వాడాడు. ఎటూ పోయేది పైకే కదా."

నేను నవ్వలేకపోయాను. కొన్ని మాటలు చెప్పాలని పోయాను. ఆ పిల్ల గురించి, పలక గురించి, అన్న సైకిలు గురించి. నోరు పెగల్లేదు. ఆమె నా పెదాల వంక చూసింది. "ఎక్కడున్నావు? నాలుగు దగ్గరా?" అంది. అవునని తలూపాను. "అక్కడే నిలబెట్టు. తొందరేం లేదు" అంది.

అదే ఆఖరు మాట.

సమాధుల దొడ్డి కాలవ అవతల ఉంది. సాయంత్రం ఊరంతా వచ్చింది. మా అన్న కర్ర పట్టుకుని వచ్చాడు. మనవరాలు గుంటూరు నుంచి బస్సు దిగి తిన్నగా అక్కడికే వచ్చింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. పెట్టెను గోతిలోకి దించటానికి తాళ్ళు పట్టింది ఎవరనుకున్నారు? ఆనాడు రాకెట్టు తాడు లాగిన మగపిల్లలే. ఇప్పుడు మీసాలొచ్చాయి. ఆ రోజు పైకి లాగిన చేతులే మెల్లమెల్లగా కిందికి వదిలాయి. పెట్టె నేలను తాకింది.

గుప్పెడు మట్టి వెయ్యమని పాస్టరుగారు నాకే మొదట సైగ చేశారు. పక్కింటివాణ్ణి గదా. వంగి రెండు చేతులా మట్టి తీశాను. నా చేతుల్లోకి ఏది ఎత్తుకున్నా అవి కుంచమైపోతాయి. మట్టి వదిలాను. నా ప్రమేయం లేకుండా, కళ్ళం గొంతుతో, కాలవ అవతలకి కూడా వినబడేట్టు వచ్చేసింది.

"లాభం!"

పాస్టరుగారు ఉలిక్కిపడ్డారు. జనం నా వంక చూశారు. ఎంత పని చేశానురా అని నాలుక కరుచుకున్నాను. అప్పుడు నా పక్కన కర్ర చప్పుడైంది. మా అన్న కష్టం మీద వంగి, గుప్పెడు మట్టి తీసి వేశాడు.

"రెండు" అన్నాడు.

తాళ్ళు పట్టిన కుర్రాళ్ళలో ఒకడు తాళ్ళు చుడుతూ ఉండిపోతే, మిగతా ముగ్గురూ ఒక్కొక్కరే వచ్చారు. మూడు. నాలుగు. అయిదు. సర్పంచి తలపాగా తీసి, "ఆరు" అన్నాడు.

ఆ తర్వాత నా మనవరాలు నిలబడి ఉంది. చేతి నిండా మట్టి. నా పెదాలు తయారుగానే ఉన్నాయి ఆరున్నొకటి అందిద్దామని. పిల్ల నా వంక చూసింది, గోతిలోకి చూసింది. మెడ నిటారుగా పెట్టి, బడిలో పిల్లలందరితో కలిసి అరిచినప్పటి లాగానే, గట్టిగా అంది.

"ఏడు."

నా జన్మలో ఆ మాట మట్టి ముందు గానీ వడ్ల ముందు గానీ వినలేదు. భయం వెయ్యలేదు. పిల్ల చెప్పినట్టే చేశాను. గోతి గట్టునే కూర్చుని, అందరి ముందూ, చిన్నపిల్లాడి లాగా ఏడ్చాను.

లెక్క ఆగలేదు. ఎనిమిది అన్నారెవరో. తొమ్మిది. పది. వరస కాలవ వంతెన దాటి అవతల దారి దాకా ఉంది. చీకటి పడుతున్నా ఎవరూ కదల్లేదు. ఒక్కో గుప్పెడూ పడుతోంది, ఒక్కో గొంతూ తన అంకె అందుకుంటోంది, వెనకవాళ్ళు తమ వంతు వచ్చేదాకా దాన్నే మెల్లగా పాడుతూ ముందుకు జరుగుతున్నారు.